గోదావరి వలకు కట్టిన ఎర్రచీర

నేను ఇంతవరకు సముద్రం చూడలేదు. ఇది ఒప్పుకోవడానికి మిగతావాళ్ళకంటే నేను కాస్త ఎక్కువ సిగ్గుపడాలి. ఎందుకంటే డిగ్రీ చివరి సంవత్సరం జంతుశాస్త్రం పరీక్షలో ‘వాణిజ్య చేపలవేట – సముద్ర పక్షులపై దాని ప్రభావం’ అన్న ప్రశ్నకు ఆరు పేజీలు రాసి, క్లాసులో అందరికంటే ఎక్కువ మార్కులు తెచ్చుకున్న ఘనుణ్ణి నేనే. ఖమ్మంలో మా డాబా మీద ఎండబెట్టిన మామిడి ముక్కలను కాకుల నుంచి కాపాడుతూ బట్టీ పట్టిన జవాబు అది. పెద్ద ఓడలు మైళ్ళ పొడవు తాడుకు వేల గాలాలు కట్టి వదులుతాయని, ఎర కోసం దిగిన ఆల్బట్రాస్ పక్షులు గాలానికి చిక్కి తాడుతోపాటు నీళ్ళ అడుగుకు పోతాయని, కంటికి ఆనని సన్నదారం వలల్లో మునకపక్షులు ఊపిరాడక చస్తాయని, ఓడల మీంచి పారబోసే చేపల తుక్కే వాటిని అక్కడికి రప్పిస్తుందని, అందుకని కొన్ని ఓడలు తాళ్ళకు రంగు పీలికలు కట్టి పక్షులను బెదరగొడతాయని వరసగా రాశాను. ఓడ బొమ్మ కూడా వేశాను. మా మాస్టారు దాన్ని చూసి ఇది ఓడా, ఇస్త్రీపెట్టా అని అడిగారు కానీ మార్కులు మాత్రం తగ్గించలేదు.

ఆ జ్ఞానంతో ఖమ్మంలో ఏ పనీ పడలేదు. పట్టా పుచ్చుకున్న రెండేళ్ళ తర్వాత, గత ఏప్రిల్‌లో ఒక ఉదయం, క్లాస్‌మేట్ శ్రీను ఫోనుకు ఒక ఫొటో పంపాడు. ఎవరిదో అరచేయి. వేళ్ళ మధ్య పొలుసులు. ఆ చేతిలో నల్లటోపీ పెట్టుకున్నట్టున్న తెల్లని పిట్ట, పసుపుపచ్చ ముక్కు, మెడ చుట్టూ సన్నని దారం. ప్రాణం లేదు. కింద ఒకే వాక్యం: ‘ఆరు పేజీలు రాసినోడా, వచ్చి ఇది చూడు.’ అది రివర్ టెర్న్. సముద్రాల మీద తిరిగే టెర్న్ పక్షుల కుటుంబమే, కాకపోతే మంచినీళ్ళకు అలవాటుపడి నదుల మీద స్థిరపడ్డ శాఖ. అంటే నా ఆరు పేజీలకు దగ్గరి చుట్టం, మా ఇంటికి నూటయాభై కిలోమీటర్ల దూరంలో, గోదావరిలో, నేను రాసిన పద్ధతిలోనే చచ్చిపోయింది. చాలా గంభీరంగా బ్యాగు సర్దుకున్నాను. అమ్మ ఆవకాయ సీసాను తన పాత ఎర్రచీరలో చుట్టి ఇచ్చి, “సీసా పోయినా ఫరవాలేదు, చీర తిరిగి తే” అంది.

ఖమ్మం బస్టాండులో పొద్దున ఐదున్నరకు మణుగూరు బస్సు ఎక్కితే కొత్తగూడెం, పాల్వంచ మీదుగా పది లోపు దిగవచ్చు. టికెట్టు రెండు వందల పైచిలుకు. రైలులో రావాలనుకునేవాళ్ళకు ఒక మనవి. భద్రాచలం రోడ్ అనే స్టేషన్ కొత్తగూడెంలో ఉంటుంది. అక్కడ దిగి గుడి ఎటని అడిగితే స్థానికులు నవ్వరు, అలవాటైపోయింది వాళ్ళకు, నలభై కిలోమీటర్ల అవతలికి చెయ్యి చూపిస్తారు. పాల్వంచ దాటాక కిటికీ పక్క సీటు సంపాదించండి. ఏప్రిల్‌లో ఆ అడవి గుండా పోతుంటే ఇప్పపూల వాసన బస్సులోకి వచ్చి మన పక్కన కూర్చుంటుంది. తీయగా, కొంచెం మత్తుగా. చెట్ల కింద ఆడవాళ్ళు వంగి, రాత్రి రాలిన పూలు బుట్టల్లోకి ఏరుతున్నారు. నేను నిద్రపోయానో మెలకువగా ఉన్నానో ఇప్పటికీ చెప్పలేను. కళ్ళు మూస్తే తెల్లపూలు తెల్లపిట్టలై నేలమీద నడిచాయి, తెరిస్తే మళ్ళీ పూలయ్యాయి. మధ్యలో ఒక బొగ్గులారీ ఎదురొచ్చి ఆ కలను నల్లగా తుడిచేసింది.

మణుగూరులో శ్రీను ఆటోతో సిద్ధంగా ఉన్నాడు. డిగ్రీలో వాడు నా వెనక బెంచీ. ఇప్పుడు ఈ ఆటో వాడిదే, జంతుశాస్త్రం పట్టా మీటరు దగ్గర లామినేషన్ చేయించి పెట్టుకున్నాడు.

“ఏంరా శాస్త్రవేత్తా, సముద్రం తగిలిందా తొవ్వల?”

“బొగ్గు తగిలింది. రెండు ముక్కుల్లోనూ ఉంది.”

“జల్దీ ఎక్కు. చిన్నమ్మ నీకోసం వండి కూసున్నది.”

పినపాక వైపు నది ఒడ్డు ఊళ్ళకు షేర్ ఆటోలో మనిషికి నలభై, ఆటో మాట్లాడుకుంటే మూడు వందలు. శ్రీను నా దగ్గర కిరాయి తీసుకోలేదు, దానికి బదులు ఆ ఆరు పేజీలు దారిపొడవునా అప్పజెప్పమన్నాడు. మూడో పేజీ దగ్గర ఆపి అసలు సంగతి చెప్పాడు. ఫొటోలోని చెయ్యి వాళ్ళ చిన్నమ్మ నాగమణిది. ఆమె, ఆమె భర్త సమ్మయ్య నదిలో చేపలు పడతారు. ఇంతకుముందు దొడ్డు దారం వలలు ఉండేవి, పట్టిన చేప ఊళ్ళలోనే అమ్ముడయ్యేది. ఇప్పుడు రోజూ పొద్దున ఎనిమిదింటికి టౌను నుంచి ఐసు పెట్టెల వ్యాను వస్తుంది. ఆ పెట్టెలు నిండాలంటే నీళ్ళలో కనిపించని సన్నదారం వల కావాలి. చేపకు కనిపించనిది పిట్టకూ కనిపించదు.

“ఈ నెల్ల మూడు పిట్టలు సచ్చినయ్‌రా” అన్నాడు శ్రీను. “ఆఖరిదాని జత గుడ్ల మీద ఒక్కతే కూసున్నది. చిన్నమ్మ దాన్నే చూస్తున్నది. వల సైతం ముట్టుతలేదు.”

ఊరి పేరు ఇక్కడ రాయడం లేదు. కెమెరాలతో ఇసుక మీదికి దండెత్తే పుణ్యం నాకొద్దు.

నాగమణికి యాభై ఏళ్ళుంటాయి. నన్ను తల నుంచి చెప్పుల దాకా చూసి, “గీయనేనా పిట్టల సారు?” అని శ్రీనును అడిగింది.

“సారును కాదు చిన్నమ్మా. ఇంకా ఉద్యోగం రాలేదు” అన్నాను.

“అయితే కూసో. ఉద్యోగం లేనోళ్ళే చెప్పింది వింటరు.”

చింతచిగురు వేసి వండిన చిన్నచేపల కూర, వేడన్నం, దాని మీద అమ్మ ఆవకాయ. ఈ భోజనం ఏ హోటల్లోనూ దొరకదు కాబట్టి ధర రాయలేను. తింటుండగా ఆమె వేట పద్ధతి చెప్పింది. పిట్ట ఒక్కసారి మునిగితే అది దాని ఆకలి. ఒకే చోట మూడుసార్లు మునిగితే అది చేపల గుంపు. మూడుసార్లు మునిగిన చోట వల వేయాలి. ఆమె మామ చూపిన దారి అది, ఆయనకు ఆయన తండ్రి చూపింది.

“పోయినేడు నది నడుమ ఇసుక దిబ్బ మీద గూళ్ళు శానా ఉండె. ఈయేడు పదకొండే. ఇవి సుత పోతే ఇగ చేప యాడున్నదో మాకెవలు చెప్తరు? వ్యానాయన చెప్తడా?”

సమ్మయ్య గోడకు ఆనుకుని వల బాగుచేసుకుంటున్నాడు. “వ్యానాయనకు పెట్టె నిండితే చాలు” అన్నాడు తల ఎత్తకుండా. “నిండకపోతే పక్క రేవుకు పోతడు. నాకది బుగులు.”

మధ్యాహ్నం ఒడ్డున ఏరుమద్ది చెట్టు కింద పడుకున్నాను. ఆ ఒక్క మధ్యాహ్నం కోసమైనా ఈ ప్రయాణం చేయవచ్చు. ఎండకు ఇసుక మీద గాలి ఉడికి వణుకుతోంది. ఆ వణుకులో ఆవలి ఒడ్డు కరుగుతూ కరుగుతూ ఒంటిగంటకల్లా పూర్తిగా మాయమైంది. ఆవలి ఒడ్డు కనిపించని నీటిని సముద్రం అనకూడదని నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. కాబట్టి అది సముద్రమే. దాని మధ్యలో ఒక తెల్లని ఇసుక తిన్నె తేలుతోంది. తిన్నె మీద చుక్కల్లా పిట్టలు. వాటి అరుపు నీటి మీదుగా వచ్చేసరికి అరుపులా లేదు, ఎవరో దూరంగా గాజులు సవరించుకుంటున్నట్టుంది. నాగమణి నా పక్కన వచ్చి కూర్చున్నది కూడా నాకు చాలాసేపటిదాకా తెలియలేదు.

“ఆ కొసకున్నదాన్ని చూడు” అంది.

అన్నిటికీ దూరంగా ఒక పిట్ట. కాసేపటికి అది లేచి నీటి మీదికి పోయింది, పొట్ట తడిసేలా రెండుసార్లు అలల మీద రాసుకుని, వెంటనే వచ్చి గుడ్ల మీద కూర్చుంది. తడిపొట్టతో గుడ్లను చల్లబరుస్తోంది. మిగతా గూళ్ళలో ఒకటి లేస్తే జత వచ్చి కూర్చుంటోంది. దీనికి ఆ వీలు లేదు. అది నీటికి పోయిన ప్రతిసారీ నాగమణి ఊపిరి బిగబట్టడం నాకు వినిపించింది.

“తినటానికి పోతే గుడ్లు ఉడుకుతయ్. తినకపోతే తను సస్తది. నా వల చేసిన పనే ఇది” అంది.

సాయంత్రం ఐదున్నరకు, శ్రీనును ఒడ్డునే వదిలి, నాటుపడవలో బయల్దేరాం. సమ్మయ్య తెడ్డు వేస్తున్నాడు, నాగమణి మనసొప్పకపోయినా వల పట్టుకుంది. మరుసటి పొద్దున వ్యాను వస్తుంది కదా. తిన్నె పక్క పాయలో ఒక చోట పిట్ట మునిగింది. మళ్ళీ అక్కడే మునిగింది. మూడోసారి మునగ్గానే సమ్మయ్య పడవ తిప్పాడు. వల మెల్లగా నీళ్ళలోకి జారింది. పైన బెండ్లు తేలుతున్నాయి, కింద దారం అసలు ఉందో లేదో తెలియదు. అప్పుడు నాగమణి పడవ అడుగున ఉన్న గిన్నె తీసి, గుప్పెడు చిన్నచేపలు వల పక్కనే నీళ్ళ మీద చల్లింది. పిట్టలు అరుచుకుంటూ వచ్చిపడ్డాయి.

“ఇదేంటి చిన్నమ్మా?”

“పిట్టకూలి. జాడ చూపించినందుకు. మా మామనాటి నుంచి ఇస్తున్నం. వల ఏసేటప్పుడొక పిడికెడు, తీసేటప్పుడొక పిడికెడు.”

నా నాలుగో పేజీ కళ్ళ ముందుకొచ్చింది. ‘పారబోసే చేపల తుక్కు పక్షులను వేట స్థలానికి ఆకర్షించును.’ మార్జిన్‌లో ఎర్రపెన్నుతో మాస్టారు పెట్టిన టిక్కు కూడా గుర్తొచ్చింది. నేను నోరు తెరిచేలోపే ఒక పిట్ట చిన్నచేప వెంట నిలువునా నీళ్ళలోకి దూకింది. పైకి రాలేదు.

నాగమణి పడవ అంచు మీద బోర్లా పడి వల లాగింది. మూరెడు, ఇంకో మూరెడు. దారాల్లో తెల్లగా చుట్టుకుపోయి, రెక్క మెలితిరిగి, నోరు తెరుచుకుని బయటికి వచ్చింది. సమ్మయ్య మొలలోంచి చిన్న కత్తి తీశాడు. వలవైపు ఒకసారి చూశాడు, పిట్టవైపు ఒకసారి చూశాడు. ఆ వల ఆయన వారం రోజులుగా కూర్చుని బాగుచేసుకున్నది. పటపటమని నాలుగైదు వలకళ్ళు కోసేశాడు. పిట్ట నాగమణి రెండు చేతుల మధ్య పడుకుంది. ఎర్రని కాళ్ళు, మూతపడుతూ తెరుచుకుంటూ కళ్ళు. మేం ముగ్గురం ఊపిరి పీల్చకపోతే ఆ గాలి దానికి మిగులుతుందన్నట్టు కూర్చున్నాం. ఎంతసేపో తెలియదు. నది కూడా పడవను కదపలేదు. ఉన్నట్టుండి అది ఆమె వేలును గట్టిగా పొడిచి, లేచి పోయింది.

“కూలి ముట్టింది” అన్నాడు సమ్మయ్య, ఆమె వేలు మీద రక్తం చూసి.

అప్పుడు చెప్పాను. పరీక్షలో ఆరు పేజీలు రాయడం తేలిక, ఒక మనిషికి ఒక వాక్యం చెప్పడం ఎంత కష్టమో. దొడ్డు వల ఉన్ననాడు పిట్టకు దారం కనిపించేది, తప్పుకునేది. ఇప్పుడు కనిపించడం లేదు. కానీ కూలి కోసం వల దగ్గరికే రావడం నేర్చుకుంది. సముద్రంలో ఓడల వెనకా ఇదే జరుగుతుంది.

నాగమణి వేలు నీళ్ళలో ముంచుకుంది. “అంటే నేనే పిలిచి సంపుతున్ననా” అంది.

“నువ్వు కాదు, వల.”

“వలను ఇంట్ల నుంచి తెచ్చింది ఎవలు, నీ ఆరు పేజీలా?” అని, సమ్మయ్యవైపు తిరిగింది. “తీసెయ్. ఇయ్యాల వల ఒద్దు.”

ఆయన వల చుట్టి పడవలో వేశాడు. మరుసటి పొద్దున ఎనిమిదింటికి వ్యాను వచ్చింది, డ్రైవరు ఖాళీ పెట్టె చూసి చేతి గడియారం చూసుకున్నాడు, వెళ్ళిపోయాడు. సమ్మయ్య దుమ్ము అణిగేదాకా రోడ్డువైపు చూస్తూ నిలబడ్డాడు. ఊరికి వచ్చి సలహా చెప్పడం ఎంత తేలికో, ఆ సలహా ఖరీదు ఎవరి పెట్టెలోంచి పోతుందో నాకు ఆ దుమ్ములో బాగా కనిపించింది.

నాగమణి మాత్రం ఇంట్లో లేదు. తొమ్మిదింటికి అడవి అంచునున్న తన తమ్ముడి మొక్కజొన్న చేను నుంచి తిరిగి వచ్చింది. ఇక్కడి చేలన్నిటి చుట్టూ పాత చీరలు కట్టి ఉంటాయి. గాలికి అవి ఊగుతుంటే అడవిపందులు మనుషులున్నారనుకుని బెదురుతాయి. ఆమె చేతిలో అలాంటి చీరలు రెండున్నాయి, ఎండకు వెలిసిపోయి ఏ రంగో చెప్పలేనివి.

“పంది బెదిరితే పిట్ట బెదరదా?” అంది. “వల బెండ్లకు ఎదురుపుల్లలు నిలవెడదం. పుల్లలకు గీ పేలికలు కడదం. నీళ్ళల్ల ఏం ఉండొద్దు, చేపకు తెల్వదు. పైన ఊగాలె, పిట్టకు కనవడాలె.”

నేను నోరు తెరుచుకుని విన్నాను. ఓడలకు కట్టే పీలికల గురించి నేను ఐదో పేజీలో బొమ్మతో సహా రాసినదాన్ని, ఆమె మొక్కజొన్న చేనులోంచి భుజాన వేసుకుని తెచ్చింది.

“గుడ్ల దిక్కు కడితే ఇంకా మంచిది గదా, కుక్కలు రావు” అన్నాడు శ్రీను.

“బెదిరితే వల కాడ బెదరాలెరా, ఇంటి కాడ గాదు. గూటి కాడ చీర ఊగితే తల్లి దిగుతదా? ఆటో నడుపుడే కాదు, జర ఆలోచించు.”

వెలిసిన చీరలను సమ్మయ్య నీటి మీద పట్టి చూశాడు. ఇసుకలో కలిసిపోయాయి. “ఇవి నాకే కనవడ్తలేవు” అన్నాడు. ముగ్గురి కళ్ళూ మెల్లగా తిరిగి ఆవకాయ సీసా మీద ఆగాయి. సీసా మీద కాదు, దాని చుట్టూ ఉన్నదాని మీద. నేను అమ్మను మనసులోనే తలచుకుని, ముడి విప్పి ఇచ్చాను. నాగమణి పంటితో అంచు కొరికి చర్రున చింపింది. ఆ చప్పుడు ఖమ్మం దాకా వినబడి ఉంటుందని నా భయం.

మధ్యాహ్నమంతా చెట్టు కింద కూర్చుని వెదురుపుల్లలు చీల్చి, పీలికలు కట్టాం. సాయంత్రం వల వేశాక పాయ మీద ఎర్రగా ఒక ఊరేగింపు నిలబడ్డట్టుంది. ఆమె అక్కడ కూలి గిన్నె మూత తీయలేదు. పడవను తిన్నెకు దూరంగా, వలకు ఎగువన చాలా దూరం పోనిచ్చి, అక్కడి లోతు తక్కువ నీళ్ళలో చల్లింది. పిట్టలు మొదట అలవాటు ప్రకారం వల మీదికే వచ్చాయి. పీలికల మీద గిర్రున తిరిగాయి, తిట్టాయి. ఆ తిట్ల అనువాదం ఇక్కడ రాయలేను. తర్వాత ఒకటి ఎగువకు పోయింది. దాని వెనక ఇంకొకటి. ఎర్రటి పొద్దు, ఎర్రటి గుడ్డలు, వాటి మీదుగా తెల్లగా సాగిపోతున్న రెక్కలు. ఏది నీళ్ళలో ఉందో ఏది ఆకాశంలో ఉందో వేరుచేయాలని నాకు అనిపించలేదు.

తెల్లవారి ఐదున్నరకు వల తీశాం. నాగమణి ఒక్కో మూర లాగుతూ చేపను చూడటం లేదు, చేపకాని దాని కోసం చూస్తోంది. బొచ్చెలు, జెల్లలు, ఒక పెద్ద వాలుగ. చివరి బెండు దాకా పిట్ట లేదు. ఆమె వల అంచు పట్టుకుని ఒక్క నిమిషం అలాగే ఉండిపోయింది. “పెట్టె నిండ లేదు, సగం మీదున్నది” అన్నాడు సమ్మయ్య. అని, “రేపు ఇంకొంచెం ఎగువకు చూద్దాం” అని తనే అన్నాడు. నేను తొమ్మిదింటికి ఆటో ఎక్కేటప్పటికి కొసనున్న ఒంటరి పిట్ట తడిపొట్టతో గుడ్ల మీదికి దిగుతోంది.

ఇంటికి వచ్చాక అమ్మ మొదట చీర అడిగింది. గోదావరిలో ఉందని, దాన్ని చూసి పిట్టలు బతుకుతున్నాయని చెప్పాను. అమ్మ నన్ను కాసేపు పరీక్షగా చూసి, ఎండలో తిరగొద్దని మజ్జిగ ఇచ్చింది. మూడు వారాల తర్వాత శ్రీను ఫోన్ చేసి నాగమణికి ఇచ్చాడు. “ఒంటిపిట్ట గుడ్లు పిల్లలు కాలేదు బిడ్డా” అంది ముందుగా. “పన్నెండు దినాలు కూసున్నది. ఎన్కకు తగ్గలే. ఓ పొద్దు చూస్తే లేదు, ఎగిరిపోయింది.” తర్వాత మిగతాది చెప్పింది. “తక్కిన పది గూళ్ళ పిల్లలు నడుస్తున్నయ్. వలల ఇప్పటిదాక ఒక్కటి పడలే. పక్క రేవోళ్ళొచ్చి పేలికలు చూసి నవ్విండ్రు, నిన్న వాళ్ళే కట్టిండ్రు.” నేను ఇప్పటికీ సముద్రం చూడలేదు. అక్కడ పెద్ద ఓడలున్నాయి, నా ఎర్రచీర వాటికి చాలదని తెలుసు. కానీ మధ్యాహ్నం ఒంటిగంటకు డాబా మీద కళ్ళు మూసుకుంటే ఆవలి ఒడ్డు లేని నీరొకటి కనిపిస్తుంది. దాని కొసన ఒక పిట్ట పొట్ట తడుపుకుని వస్తుంది. ఆరు పేజీల్లో నేను ఎక్కడా రాయనిది అదొక్కటే. రాసి ఉంటే ఏడో పేజీ అయ్యేది.

మీరు వెళ్ళేటట్టయితే మార్చి నుంచి మే లోపు వెళ్ళండి. తిన్నె మీద అడుగు పెట్టకుండా ఒడ్డు చెట్ల కింద నుంచే చూడండి, తిన్నె మీద మీరున్నంతసేపూ తల్లి గుడ్ల మీద దిగదు. పోతూ పోతూ ఇంట్లోంచి ఒక పాత చీర పట్టుకెళ్ళి నదిలో వల వేసే ఏ ఇంట్లోనైనా ఇవ్వండి. ఫోన్ పెట్టేసే ముందు నాగమణి చెప్పిన మాట కూడా అదే: “మీ అమ్మ చీర ఎండకు ఎలిసిపోతున్నది. ఇంకోటి పంపు. ఎర్రదే.”